కొనుడు బందు వెట్టిన, ఇంట్లకు సామాను వచ్చుడు ఆగుతలేదు. ఎట్ల?

హన్మకొండ కోడలు:
మా ఇల్లు హంటర్ రోడ్డు పక్క కాలనీల ఉండె. 2023 జూలై వరదల కింది అంతస్తు మునిగింది. చేతికందిన బట్టలు, కాయితాల సంచి, అత్తమ్మ గోళీలు పట్టుకొని సుబేదారిల మా ఆడిబిడ్డ ఇంటికి పోయినం. అందరం ఒక్క అర్రల. ఒక కుక్కర్, రెండు గిన్నెలు. పొద్దుగాల ఎనిమిదింటికే వంటింటి పని తెమిలిపోయేది. ముందు ఏం తోచలే, తర్వాత మంచిగనిపించింది. పిల్లలతోని కూసొని అష్టా చెమ్మ ఆడిన.

నీళ్లు పోయినంక ఇల్లు కడుగుతుంటే బురదల నుంచి పెండ్లి సదివింపుల గోడ గడియారాలు ఎల్లినయి, డబ్బాలు సుత విప్పనియి. ఏడుపు రావాలె గని రాలే.

ఇప్పుడు కావాలనే రెండర్రల కిరాయింట్ల ఉంటున్నం. మా ఆయన నాకంటె ముందే కుర్చీలు అమ్మేసిండు. బాధ వేరే ఉన్నది. ఇంట్లకొచ్చేటియి నేను కొన్నయి గావు. సంక్రాంతికి నోములు పట్టినోళ్లు 13 చొప్పున పంచుతరు: ప్లాస్టిక్ బుట్టలు, స్టీలు గిన్నెలు, చాయ జాలీలు. ఒడిబియ్యం పోస్తే చీర, జాకెట్ ముక్క. గృహప్రవేశానికి పోతే పళ్లెం. వద్దంటే "పసుపు కుంకుమతోని ఇస్తే వద్దంటవా" అంటరు. అత్తమ్మ ఇత్తడి గంగాళం, బిందెలు ఇంకో కథ. అమ్ముదామన్నందుకు ఆమె అన్నం ముట్టలే.

ఎవ్వరి మనసు నొవ్వకుంట ఎవరన్న చేసిన్రా?

జనగామ పెద్దమనిషి:
ఇత్తడిని తూకానికి అమ్మకు బిడ్డా. పాతసామానోడు కిలోల లెక్కనే కొంటడు, పనితనం చూడడు. మీరు హైదరాబాద్ పోయే దారిలనే పెంబర్తి ఉన్నది, ఇత్తడి పనికి పేరువడ్డ ఊరు. అక్కడ చెయ్యి తిరిగినోళ్లకు ఒకసారి చూపెట్టు. ఒక గిన్నె ఉంచుకొని లోపల కళాయి పెట్టిస్తే రోజూ వండుకోవచ్చు. కళాయి లేకుంట చింతపులుసు, మజ్జిగ మాత్రం పొయ్యద్దు, చిలుము దిగుతది. మా ఇంట్ల ఇత్తడి గిన్నె వాడకంలకొచ్చినంక నాన్‌స్టిక్ పెనాలన్ని బయటికి పోయినయి. ఇంకో మాట. మీ అత్తమ్మకు బాధ అమ్ముతున్నందుకా, ఇన్నేండ్లు సజ్జ మీద పడేసినందుకా? అడిగి చూడు.

కొత్తవాడ మగ్గం:
పాత నూలు చీరలుంటే పొరలు పొరలుగ వేసి బొంత కుట్టియ్యి. పట్టుచీరలు వద్దు, జారుతయి. కూసునేటందుకు మా వరంగల్ జంపఖానా చాలు, 2018ల జీఐ (ఫలానా ఊరి సరుకు అని సర్కారిచ్చే గుర్తింపు) వచ్చింది దానికి. చుట్టాలొస్తే పరువు, పోతే మడతవెట్టి మూలకు. నేసేటోడు గాబట్టి చెప్తుండు అనుకుంటరు, అనుకోండ్రి.

గోదావరిఖని పోరడు:
అక్కా, కోపం చెయ్యకు. మా నాయిన సింగరేణిల బదిలీ వర్కర్‌గ, అంటె పర్మినెంట్ గాక రానోళ్ల బదులు పనిచేసేటోడిగ, ఉన్నప్పుడు మా ఇంట్ల ఒక్కటే గంజు. అండ్లనే అన్నం వండి, తీసి, కడిగి, మల్ల కూర. మా అమ్మకు అది హాయి గాదు. ఇప్పుడు సజ్జ నిండ స్టీలు బోళ్లు పెట్టుకొని పండుగకు దించి తోముతది, దానికి అదే సంబురం. దాన్ని తగ్గించుమని నేనైతే చెప్పలేను. కావాలంటే రేపు కొనుక్కోగలుగుతమన్న ధైర్యం ఉన్నోళ్లకే ఈ తక్కువ సామాను సుఖం.

హన్మకొండ కోడలు:
కోపమెందుకు తమ్మీ, నిజమే అన్నవు. మంచం పోతే మల్ల కొనుక్కుంటమని తెలుసు గాబట్టే నాకు ఏడుపు రాలే. అదే గల్లీల ఆటో మునిగిన కిరాయోళ్లు ఎట్ల ఏడ్సిన్రో చూసిన.

పెద్దనాయినా, అత్తమ్మను అడిగిన. ముందైతే "నేను పోయినంక అమ్ముకో" అన్నది. రాత్రి గోళీలేసుకుంట "గంగాళం మా అమ్మది, నా బిడ్డకు ముట్టాలె" అన్నది. అంతే సంగతి! సుబేదారికి పంపినం, ఆడిబిడ్డ అండ్ల నీళ్లు పోసి పూలేసి వాకిట్ల పెట్టుకున్నది. చిన్న గిన్నె కళాయికి ఇచ్చినం.

నోములకు నేను గిన్నెలు పంచ. 13 మందికి నువ్వులు, బెల్లం పొట్లాలే ఇస్త, తింటే అయిపోతయి. పక్కింటి వదిన అప్పుడే "గింత పిసినారిదానివేంది" అన్నది, అననియ్యి. గని జాకెట్ ముక్కలు సంచి నిండ ఉన్నయి, ఒక్కటి సుత నాకు సరిపోయే రంగు లేదు. వాటికి ఎవరన్న ఉపాయం చెప్పుండ్రి.