పాస్‌వర్డ్ మేనేజర్‌ను నమ్మవచ్చా?

ప్రశ్న (కావలి):
మా రొయ్యల మేత దుకాణం జీఎస్టీ, బ్యాంకు, ఈ-వే బిల్లు పాస్‌వర్డులన్నీ గల్లాపెట్టెలోని నోటుపుస్తకంలో ఉన్నాయి. దాన్ని గుమాస్తాలందరూ చూస్తున్నారు. పాస్‌వర్డులన్నిటినీ ఒకేచోట భద్రంగా దాచే పాస్‌వర్డ్ మేనేజర్ అనే యాప్ వాడమని మా అబ్బాయి అంటున్నాడు. ఆ కంపెనీ సర్వర్లలోనే దొంగలు పడితే మన గతేమిటి?

జవాబు (ఒంగోలు):
మీ భయం అర్థం లేనిది కాదండీ. 2022లో లాస్ట్‌పాస్ అనే పాస్‌వర్డ్ మేనేజర్ కంపెనీ నుంచి ఖాతాదారుల వాల్టుల (పాస్‌వర్డులు దాచిన ఖజానాల) నకళ్లను దొంగలు ఎత్తుకుపోయారు. పాస్‌వర్డులు ఎన్‌క్రిప్ట్ అయి (ఎవరూ చదవలేని సంకేతాలుగా మారి) ఉన్నా, వెబ్‌సైట్ల చిరునామాలు మాత్రం మామూలు అక్షరాల్లోనే ఉన్నాయి. అయితే వాల్టును తెరిచే మాస్టర్ పాస్‌వర్డ్ కంపెనీ దగ్గర ఉండదు కాబట్టి, అది పొడవుగా, మరెక్కడా వాడనిదిగా ఉంటే ఆ వాల్టును తెరవడం దాదాపు అసాధ్యం. ఊరి పేరూ పుట్టిన సంవత్సరమూ కలిపి పెట్టుకున్నవారికే అసలు ముప్పు. నా దృష్టిలో మీ నోటుపుస్తకం కన్నా ఇది ఎంతో మేలు.

జవాబు (కందుకూరు):
నకిలీ బ్యాంకు పేజీ చిరునామాలో ఒక్క అక్షరం తేడా ఉన్నా మేనేజర్ పాస్‌వర్డును తనంతట తాను నింపదు. మన కన్ను మాత్రం మోసపోతుంది. సర్వర్ల మీద నమ్మకం లేకపోతే కీపాస్ అనే మేనేజర్ వాడండి. పాస్‌వర్డుల ఫైలు మీ కంప్యూటర్‌లోనే ఉంటుంది, కానీ దాని నకలును పెన్‌డ్రైవ్‌లో దాచుకునే బాధ్యత మీదే.

ప్రశ్న (కావలి):
మాస్టర్ పాస్‌వర్డ్ మరచిపోతే?

జవాబు (ఒంగోలు):
చాలా మేనేజర్లలో దాన్ని కంపెనీ కూడా తిరిగి ఇవ్వలేదు. అందుకే కాగితం మీద రాసి, దుకాణంలో కాకుండా ఇంటి బీరువాలో పెట్టి, ఆ చోటు మీ అబ్బాయికి తప్పకుండా చెప్పండి.