కొరియా చిత్రకారిణులు కన్‌ఫ్యూషియస్ సంప్రదాయాన్ని తోసిపుచ్చారా, లోపలి నుంచే మాట్లాడారా?

ప్రశ్న:
నమస్కారం. కొరియా స్త్రీల కళ మీద సెమినార్ పత్రం రాస్తున్నాను. 16వ శతాబ్దపు చిత్రకారిణి షిన్ సైమ్‌దాంగ్ బొమ్మతో 2009లో అక్కడ 50,000 వోన్ల నోటు వచ్చింది. ఆమె కుమారుడు, చైనా తత్వవేత్త కన్‌ఫ్యూషియస్ బోధలను అనుసరించే కన్‌ఫ్యూషియన్ పండితుడు యుల్‌గోక్, అప్పటికే 5,000 వోన్ల నోటు మీద ఉన్నారు. ఒక చిత్రకారిణికి దక్కిన ఈ గౌరవాన్ని స్త్రీవాద సంఘాలే ఎందుకు వ్యతిరేకించాయి? కుటుంబంలో పురుషుడికే పెద్దరికం ఇచ్చే ఆ కన్‌ఫ్యూషియన్ సంప్రదాయాన్ని ఈనాటి కళాకారిణులు ఎలా చూస్తున్నారు?

మొదటి జవాబు:
అభ్యంతరం ఆమె కుంచె మీద కాదండీ. వంకాయ మొక్కలనూ పురుగులనూ అంత శ్రద్ధగా చిత్రించిన మనిషిగా పేరొందిన ఆమెను, ‘వివేకవతి అయిన తల్లి, అనుకూలవతి అయిన భార్య’ అనే ఆదర్శానికి ప్రతిమగా నిలబెట్టడం మీద. ఈ చిక్కుముడిని అందరికంటే ఓపికగా విప్పినది నేటి కొరియా కళాకారిణి యున్ సుక్‌నామ్ గారని నా అభిప్రాయం. 1939లో మంచూరియాలో పుట్టిన ఆమె, గృహిణిగా ఉంటూ నలభై ఏళ్ల వయసులో బొమ్మలు వేయడం మొదలుపెట్టి, 1982లో జరిపిన తొలి ప్రదర్శనకు తన తల్లినే వస్తువుగా తీసుకున్నారు. తరువాత పారేసిన చెక్కల మీద తల్లుల రూపాలు వేశారు. ఆ పాత చెక్కలోని చారలూ పగుళ్లూ ముఖంలో ముడతలుగా కనిపిస్తాయి. సంప్రదాయం పూజించిన ‘మాతృమూర్తి’ స్థానంలో పనిచేసి అలసిన ఒక మనిషి నిలబడుతుంది. 1996 నాటి ‘గులాబీ గది’లో మెత్తని సోఫాలోంచి ఇనుప మేకులు పొడుచుకు వస్తాయి, నేలంతా గాజుపూసలు పరచి ఉంటాయి. తన ఇంట్లోనే కూర్చోవడానికీ నిలవడానికీ చోటు లేని స్థితిని ఇంతకంటే సూటిగా చెప్పడం కష్టం.

రెండవ జవాబు:
నేరుగా ఎదురునిలిచిన వారినీ మరువకూడదు. ఒకప్పుడు కొరియాను ఏలిన జోసన్ రాజుల పితృదేవతల ఆలయమైన జొంగ్మ్యో ముందున్న పార్కులో, 2000 సంవత్సరంలో, ‘ఇప్‌గిమ్’ అనే ఎనిమిది మంది కళాకారిణుల బృందం గర్భాశయాన్ని కొనియాడే ప్రదర్శనను తలపెట్టగా, రాజవంశీకులు అడ్డుకుని దానిని జరగనివ్వలేదు. పురుషుడినే ఇంటి యజమానిగా నమోదు చేసే ‘హోజు’ పద్ధతి అప్పటికి చట్టమే. అది 2008 జనవరి 1న గాని రద్దు కాలేదు. కనుక ఆ వివాదాన్ని కేవలం కళకు సంబంధించినదిగా చూడలేము.

మూడవ జవాబు:
పై ఇద్దరితో ఏకీభవిస్తూనే ఒక మాట. అన్నిటినీ నిరసనగా చదివితే మరో కొరియా కళాకారిణి కిమ్ సూజా గారు మనకు అర్థం కారు. 1983లో తల్లితో కలిసి దుప్పటి కుడుతూ, బట్టలో సూది దిగిన క్షణంలో తన మార్గం తోచిందని ఆమె చెప్పుకున్నారు. తరువాత కొత్త దంపతులకు ఇచ్చే రంగురంగుల దుప్పట్లను ‘బొత్తరి’లుగా, అంటే మూటలుగా కట్టి, 1997లో ఆ మూటల లారీ మీద కూర్చుని 11 రోజుల్లో కొరియా అంతటా 2,727 కిలోమీటర్లు తిరిగారు. ఆ దుప్పటి మీదే మనిషి పుడతాడు, నిద్రిస్తాడు, కన్నుమూస్తాడు. ఇల్లు కదలనివ్వని స్త్రీ, ఇంటినే మూటగట్టుకుని బయలుదేరినట్లు నాకు అనిపిస్తుంది. ఆమెను యున్ గారి పక్కన పెట్టండి గాని, ఒకే గాటన కట్టవద్దు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఇద్దరూ తల్లి నుంచే మొదలయ్యారన్నది ఇంతవరకు గమనించలేదు. చెక్కకూ దుప్పటికీ వేర్వేరు అధ్యాయాలు కేటాయిస్తాను.