బావమరిది ఆరు గ్రాఫిక్స్ కార్డుల రిగ్ ఇస్తానంటున్నాడు, వైజాగ్ కరెంటు రేటుకి క్రిప్టో మైనింగ్ గిట్టుబాటవుతుందా?

లాసన్స్‌బే_కుర్రాడు
అందరికీ నమస్కారం. గాజువాకలో మా బావమరిది దగ్గర ఆరు 3060 టీఐ కార్డుల రిగ్ మూలపడి ఉంది. ఇథీరియం అనే క్రిప్టో కాయిన్‌ని కార్డులతో తవ్వే రోజుల్లో కట్టాడు. బోర్డు, 1200 వాట్ల గోల్డ్ రేటింగ్ పవర్ సప్లై, రైజర్లు (కార్డుల్ని బోర్డుకి కలిపేవి), అల్యూమినియం ఫ్రేము అన్నీ కలిపి లక్షా పదివేలకి ఇస్తానంటున్నాడు. ఇంటి మనిషి, బేరమాడలేను. మాది లాసన్స్ బే కాలనీలో నాలుగో అంతస్తు. సముద్రం వైపు గది ఖాళీగానే ఉంది, కిటికీలు తీస్తే గాలే గాలి, ఏసీ కూడా అక్కర్లేదు. ఇప్పుడు ఈ కార్డులతో ఏ కాయిన్ తవ్వాలి? నెలకి ఏమైనా మిగులుతుందా? లేక అదే డబ్బుతో బిట్‌కాయిన్ తవ్వే పాత ఎస్19 మెషీన్ తీసుకోవడం మేలా? ట్యాక్స్ సంగతేంటి? అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు ఏమైనా అంటారా? తెలిసినవాళ్లు చెప్పండి.

గాజువాక_హ్యాష్
కొనకు తమ్ముడూ. చేతులు కాల్చుకున్నవాణ్ని కాబట్టి చెప్తున్నాను. 2021లో 1660 సూపర్లు ఎనిమిది కొన్నాను, ద్వారకానగర్‌లో ఒక్కోటి 38 వేలు పోసి. అప్పుడు ఆ రేటుకైనా దొరకడమే గొప్ప. ఒక్కోదానికి 31 మెగాహ్యాష్ (తవ్వే వేగం) వచ్చేది, బాగానే పడ్డాయి డబ్బులు, కాదనను. ఆ డబ్బులు చూసే మా ఆవిడ గాజులు కుదువపెట్టి ఇంకో నాలుగు కొన్నాను. 2022 సెప్టెంబర్ 15 మధ్యాహ్నం పన్నెండు దాటింది, ఇథీరియం కార్డులు అక్కర్లేని ప్రూఫ్ ఆఫ్ స్టేక్ పద్ధతికి మారిపోయింది, అంతే. కార్డులతో దాన్ని తవ్వడం ఆ నిమిషంతో ఆగిపోయింది. ప్రపంచంలో ఉన్న రిగ్‌లన్నీ ఒకేసారి ఇథీరియం క్లాసిక్ మీద, రావెన్‌కాయిన్ లాంటి వేరే కాయిన్ల మీద పడ్డాయి. డిఫికల్టీ, అంటే కాయిన్ తవ్వడంలో కష్టం, కొండెక్కింది, చేతికొచ్చేది పాతాళానికి పోయింది. అన్ని కార్డులూ తొమ్మిదేసి వేలకి అమ్మాను. గాజులు విడిపించడానికి ఇంకో ఏడాది పట్టింది.

కంచరపాలెం_వైర్‌మేన్
కిటికీలు తీస్తే గాలే గాలి అన్నావు చూడు, నేనక్కడే ఆగిపోనాను. అది ఉప్పుగాలి బాబూ. ఇరవై రెండేళ్లుగా ఈ ఊళ్లో వైరింగ్ పని చేస్తన్నాను, బీచ్ రోడ్డు పక్క ఇళ్లల్లో ఎన్ని స్విచ్ బోర్డులు మార్చీసేనో లెక్కే లేదు. ఇత్తడి స్క్రూలు పచ్చగా అయిపోతాయి, ఇనుపవైతే ఊడి చేతికొచ్చేస్తాయి. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ల రెక్కలు నాలుగేళ్లకి పొడి పొడి అయిపోతాయి. నువ్వేటి, లక్ష రూపాయల బోర్డులు తీసుకెళ్లి ఆ గాలికి ఎదురుగా పెడతానంటావేటి?

డాల్ఫిన్స్‌నోస్_గేమర్
అంత భయపెట్టక్కర్లేదు అన్నా. సాగర్‌నగర్‌లో రెండేళ్లు కిటికీ పక్కనే నడిపాను నేను, నాలుగు 3070లు. ఒక్క కార్డు పోలేదు. నడుస్తున్న కార్డు వేడికి తేమ నిలవదు. పైగా ఏసీ వేస్తే దాని బిల్లు వేరే.

కంచరపాలెం_వైర్‌మేన్
నడుస్తున్నంతసేపూ సరే. ఆపీసినప్పుడు? ఉప్పు ఒకసారి బోర్డు మీద కూర్చుంటే ఎక్కడికీ పోదు, గాలిలో తేమని లాక్కుంటాది. కరెంటు పోయి బోర్డు చల్లబడిందంటే ఆ ఉప్పు తడైపోయి చిప్పుల కాళ్ల మధ్య కరెంటు పారిస్తాది. హుద్‌హుద్ తుఫాను అప్పుడు, 2014లో, వారంపైన కరెంటు లేదు మా వీధిలో. తిరిగొచ్చాక ఎన్ని ఇళ్లల్లో టీవీలు ఆన్ చెయ్యగానే పోయాయో నాకు తెలుసు, వెళ్లి చూసినవాణ్ని నేనే.

ఎంవీపీ_రిపేర్‌బెంచ్
వైర్‌మేన్ గారు చెప్పింది నిజం. కార్డుల సర్వీసు చేస్తుంటాను. సముద్రం వైపు నుంచి వచ్చిన కార్డు విప్పక ముందే తెలిసిపోతుంది: వెనక బ్రాకెట్ తుప్పు, హెచ్‌డీఎంఐ పోర్టు లోపల పచ్చటి మచ్చ, హీట్‌సింక్ రెక్కల మధ్య తెల్లటి పొడి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి ఆరబెడితే సగం లేస్తాయి. చిప్పుకి కరెంటు అందించే పవర్ ఫేజుల దగ్గర రాగి తినేసి ఉంటే మాత్రం చెయ్యగలిగింది లేదు. కొన్నవాళ్లు మైనింగ్‌లో కాలిపోయింది అనుకుంటారు. కాలలేదు, తుప్పు పట్టింది.

డాల్ఫిన్స్‌నోస్_గేమర్
మీ బల్ల మీదకి పాడైనవే వస్తాయి కదండీ. బాగున్నవి ఎవడు తెస్తాడు మీ దగ్గరికి? ఆస్పత్రిలో కూర్చుని ఊరంతా రోగులే అన్నట్టుంది. నా కార్డులు ఇప్పటికీ మావాళ్ల ఇళ్లలో ఆడుతున్నాయి, వచ్చి చూసుకోండి.

ఎంవీపీ_రిపేర్‌బెంచ్
నీ కార్డులు రెండేళ్లు ఆపకుండా నడిచాయి, ఆ తర్వాత ఊళ్లోపలికి వెళ్లాయి. అందుకే బతికాయి. అదృష్టాన్ని సలహాగా ఇవ్వకు. అవతల అడుగుతున్నవాడు లక్ష పెట్టబోతున్నాడు.

డాల్ఫిన్స్‌నోస్_గేమర్
అదృష్టం కాదు, నెలనెలా బ్లోయర్ కొట్టేవాణ్ని. ప్రతి ఆదివారం టెంపరేచర్లు రాసుకునేవాణ్ని. కష్టపడి చూసుకున్నదాన్ని అదృష్టం అనడం బాగాలేదండీ.

లెక్కల_మాస్టారు
బాబులూ, తుప్పు దాకా ఎందుకు? కార్డులు కొత్తవే అనుకుందాం, గాలి బంగారంలా ఉందనుకుందాం. బిల్లు లెక్క ఎవరూ వెయ్యలేదు.

మన ఇళ్ల స్లాబులు తెలిసినవే. 226 నుంచి 400 దాకా యూనిట్ 8 రూపాయల 75 పైసలు, 400 దాటితే 9.75. కరెంటు సర్దుబాటు ఛార్జీలు, డ్యూటీ దీనిమీద అదనం. ఆరు కార్డులూ వోల్టేజి తగ్గించి ఒక్కోటి 130 వాట్లకి తెచ్చినా, బోర్డూ సప్లైలో పోయేదీ కలిపి గోడ దగ్గర 950 వాట్లు లాగుతుంది. రోజుకి 22.8 యూనిట్లు, నెలకి 684. ఇంట్లో మామూలుగా 250 వాడతారనుకుంటే, ఈ 684లో మొదటి 150 యూనిట్లు 8.75 చొప్పున 1,312 రూపాయలు, మిగతా 534 యూనిట్లు 9.75 చొప్పున 5,206. మొత్తం ఆరున్నర వేలు, మీ ఇంటి బిల్లు కాకుండా.

చాలామంది సగటు రేటు వేసుకుని మోసపోతారు. రిగ్ యూనిట్లు స్లాబుల కింద నుంచి మొదలవ్వవు. మీ ఫ్రిజ్జూ ఫ్యాన్లూ కింది స్లాబులు తినేశాక పైన కూర్చుంటాయి. ఇక రాబడి ఎంతో ఇప్పుడు నడుపుతున్నవాళ్లే చెప్పాలి.

గాజువాక_హ్యాష్
మాస్టారూ, నాకు తెలిసినతను 3060 టీఐ ఒకటి నడుపుతున్నాడు, కాయిన్ మార్చి మార్చి. మంచి రోజున పదిహేను రూపాయలు. ఆరు కార్డులకి రోజుకి తొంభై అనుకోండి.

లెక్కల_మాస్టారు
నెలకి 2,700. కరెంటుకి 6,500. పెట్టుబడి లక్షా పదివేలు తిరిగి రావడం అటుంచి, నెలకి 3,800 చేతినుంచి పోతుంది.

స్టోరేజ్_శివాజీపాలెం
హార్డ్‌డిస్కుల మైనింగ్ గురించి ఎవరూ మాట్లాడరేం? 2021లో చియా కాయిన్ అన్నారు, కరెంటు తినదు అన్నారు, పర్యావరణానికి మేలు అన్నారు. 8 టీబీ డిస్కులు ఆరు కొన్నాను. కరెంటు తినని మాట నిజమే. కానీ ఒక్కో ప్లాటు, అంటే డిస్కులో నింపిపెట్టే ఫైలు, తయారవ్వడానికి ఎస్ఎస్‌డీ మీద టెరాబైటుకి పైగా రాత పడుతుంది, చేతికొచ్చేది నూరు జీబీల ఫైలు. రెండు ఎస్ఎస్‌డీలు వారంటీలో ఉండగానే అరిగిపోయాయి. రాత పరిమితి దాటేసిందని క్లెయిమ్ కూడా ఇవ్వలేదు. డిస్కుల్లో ఇప్పుడు మా నాన్నగారి పాత పెళ్లి వీడియోలు పెట్టుకున్నాను. అవైనా భద్రంగా ఉన్నాయి.

పెందుర్తి_సోలార్
మాస్టారి లెక్క కరెంటు కొనేవాళ్లకి. నేను పైకప్పు మీద 3 కిలోవాట్లు పెట్టించాను, సబ్సిడీ 78 వేలు వచ్చింది. ఎస్19 తెచ్చుకుని సోలార్ మీద నడిపితే తవ్విందంతా లాభమే. మీరెవరూ ఇది ఆలోచించలేదు.

లెక్కల_మాస్టారు
3 కిలోవాట్లకి రోజుకి సగటున 12 యూనిట్లు. ఎస్19 లాగేది 3,250 వాట్లు, ఇరవై నాలుగు గంటలకి 78 యూనిట్లు. 12 ఎక్కడ, 78 ఎక్కడ? దానికి సరిపడా కావాలంటే 20 కిలోవాట్లు పెట్టాలి, అంటే రెండు వేల చదరపు అడుగుల డాబా. సబ్సిడీ 3 కిలోవాట్ల దగ్గరే ఆగిపోతుంది. ఆపైనంతా మీ జేబు.

పెందుర్తి_సోలార్
పగలు మాత్రమే నడుపుతాను. రాత్రి ఆపేస్తాను.

కంచరపాలెం_వైర్‌మేన్
రోజూ ఆపడం, రోజూ వెయ్యడం. అదే కదా నేను మొదట్నించీ సెప్తన్నది, చల్లబడినప్పుడే తేమ పడతాదని!

పెందుర్తి_సోలార్
పెందుర్తికి సముద్రం ఎంత దూరమో తెలుసా మీకు? ప్రతిదానికీ ఉప్పేనా?

లెక్కల_మాస్టారు
ఉప్పు వదిలేద్దాం. ఆ 12 యూనిట్లని మెషీన్‌కి పెడితే మీ ఇంటి బిల్లులో తగ్గాల్సిన 12 యూనిట్లు తగ్గవు. అవి ఉచితం కావు.

బిట్‌కాయిన్ మెషీన్ల లెక్క కూడా ఇక్కడే వేసేస్తాను, కుర్రాడు అడిగాడు కాబట్టి. 2024 ఏప్రిల్‌లో హాఫింగ్ (బ్లాకుకిచ్చే కాయిన్లు సగమవడం) తర్వాత బ్లాకుకి 3.125 కాయిన్లు, రోజుకి 144 బ్లాకులు, ప్రపంచం మొత్తానికి 450 కాయిన్లు. అందరి మెషీన్ల వేగం కలిపి నెట్‌వర్క్ 1,000 ఎక్సాహ్యాష్ (ఒక ఎక్సా అంటే పది లక్షల టెరా) అనుకుందాం, కాయిన్ 80 లక్షలు అనుకుందాం. 95 టెరాహ్యాష్‌ల ఎస్19కి రోజుకి 4,275 సతోషీలు (ఒక్కోటి కాయిన్‌లో పది కోట్ల వంతు), 342 రూపాయలు. కరెంటు 760. సరే, కొత్త ఎస్21 తీసుకోండి, 200 టెరాహ్యాష్‌లు, 3,500 వాట్లు. రాబడి 720, కరెంటు 819. అంత మంచి మెషీన్ కూడా మన పై స్లాబులో నష్టమే. కాయిన్ ధర పెరిగితే అంటారు. పెరిగితే కొత్త మెషీన్లు దిగుతాయి, 2,016 బ్లాకులకోసారి, అంటే రెండు వారాలకోసారి, డిఫికల్టీ సర్దుకుంటుంది.

సీతమ్మధార_అక్క
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా పాప యానిమేషన్ కోర్సు చేస్తోంది, బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌లో రెండర్ చెయ్యడానికి కార్డు కావాలి. ఈ రిగ్‌లో ఒక కార్డు విడిగా ఇస్తారా? మైనింగ్ చేసిన కార్డు కొనొచ్చా? ఎంతకి కొనాలి?

ఎంవీపీ_రిపేర్‌బెంచ్
అక్కా, కొనొచ్చు. కానీ 3060 టీఐకి మెమరీ 8 జీబీ. పెద్ద సీన్లు వేస్తే చాలదు. టీఐ లేని మామూలు 3060 12 జీబీది వేగం తక్కువైనా పాపకి అదే నయం. ఏది కొన్నా మీ కళ్లముందు అరగంట రెండర్ పెట్టి చూపించమనండి. ఫ్యాను శబ్దం వినండి, థర్మల్ పేస్టు మార్పించండి.

మధురవాడ_ఐటీ
అసలు ఇదంతా పాత గోల. గూగుల్ వాళ్లు 15 బిలియన్ డాలర్లతో మన దగ్గర డేటా సెంటర్ పెడతామని 2025 అక్టోబరులో ప్రకటించారు. కుర్రాళ్లు మైనింగ్ వదిలేసి సర్వర్ కూలింగు, నెట్‌వర్కింగు నేర్చుకోండి.

డాల్ఫిన్స్‌నోస్_గేమర్
అది కూడా సముద్రం పక్కనే కదా, వాళ్లకి ఉప్పు పట్టదా?

ఎంవీపీ_రిపేర్‌బెంచ్
వాళ్లు గాలిని వడగట్టి, తేమ కొలిచి లోపలికి పంపుతారు. నువ్వు కిటికీ తీశావు. రెండూ ఒకటి ఎలా అవుతాయి?

గాజువాక_హ్యాష్
మళ్లీ మొదలెట్టారు. ట్యాక్స్ అడిగాడు ఆ అబ్బాయి, అది చెప్పండి ముందు. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో అమ్మకం లాభం మీద 30 శాతం, పైన సెస్సు. అమ్మేటప్పుడు ఒక శాతం టీడీఎస్. రిగ్ ఖర్చుని కొన్న ధర కింద లెక్కవెయ్యరని పార్లమెంటులోనే చెప్పారు. ఒక కాయిన్‌లో నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలో తగ్గించుకోనివ్వరు కూడా. మాస్టారి 720లో దాదాపు మూడో వంతు అక్కడే పోతుంది. నా మొదటి రిటర్నుకి ఆడిటర్ గారు ఇది చెప్పినప్పుడు కూర్చున్న కుర్చీలోంచి లేవలేకపోయాను.

కంచరపాలెం_వైర్‌మేన్
ఇంకో మాట, ఇది ప్రాణాల మాట. రైజర్లకి కరెంటు ఎలా ఇచ్చాడో చూడు నాయినా. హార్డ్‌డిస్కులకిచ్చే సాటా వైరుతో ఇచ్చుంటే ముట్టుకోకు. ఆ ప్లగ్గు 12 వోల్టుల మీద నాలుగున్నర ఆంపియర్లకే, అంటే 54 వాట్లకే. కార్డు స్లాట్లోంచి అంతకు మించి లాగే అవకాశం ఉంటాది. మర్రిపాలెంలో ఒకాయన ఇంట్లో అర్ధరాత్రి ఆ ప్లగ్గు కరిగి మంచం పక్కనున్న కర్టెన్ అంటుకుంది. దేవుడి దయ, పిల్లలు ఊళ్లో లేరు. ఆ గది వైరింగంతా తిరిగి వేసింది నేనే. ఆరు పిన్నుల కేబులు నేరుగా సప్లై నుంచి రావాలి.

డాల్ఫిన్స్‌నోస్_గేమర్
ఈ విషయంలో అన్న మాటే నా మాట. నావన్నీ ఆరు పిన్నులవే. సాటా వద్దు.

లాసన్స్‌బే_కుర్రాడు
అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న గాజువాక వెళ్లి విప్పి చూశాను. ఆరు రైజర్లలో నాలుగింటికి సాటా వైర్లే, రెండు ప్లగ్గులు గోధుమరంగుకి తిరిగి ఉన్నాయి. ఫొటో తీసి బావమరిదికి చూపిస్తే తనే హడలిపోయాడు. పిల్లలు ఆడుకునే గదిలో ఏడాదిన్నర నడిపాడట. మాస్టారి లెక్క కాగితం మీద రాసి తీసుకెళ్లాను, అది చదివి తనే వద్దులే బావా అన్నాడు. కార్డులు విడివిడిగా అమ్మేస్తాడు. సీతమ్మధార అక్కా, 12 జీబీది ఇందులో లేదు, కావాలంటే టీఐ ఒకటి పక్కన పెట్టిస్తాను. రేటు రిపేర్‌బెంచ్ అన్న చూసి చెప్పిందే. అపార్ట్‌మెంట్ సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు, ఇక అవసరం లేదులెండి.

కంచరపాలెం_వైర్‌మేన్
ఆ గాజువాక ఇంట్లో ప్లగ్గు పాయింటు కూడా ఒకసారి చూపించమను. ఏడాదిన్నర అంత లోడు లాగిందంటే గోడలో వైరు మెత్తబడి ఉంటాది. ఆదివారం ఖాళీయే, నేనొస్తాను.

స్టోరేజ్_శివాజీపాలెం
ఆ 1200 వాట్ల సప్లై విడిగా అమ్ముతారా? ఏ సంవత్సరంది, బిల్లు ఉందా?