డెస్క్‌టాప్ నిండిపోయింది, పాత ఫైలు దొరకడం లేదు: మీరెలా వెతుకుతారు?

అచ్చుకొట్టు
మా డీటీపీ సెంటర్ కంప్యూటర్‌లో డెస్క్‌టాప్ మీద ఐకాన్లు తెర అంచుదాకా నిండిపోయాయి. నిన్న ఒకాయన వచ్చి, "పెద్దమ్మాయి పెళ్లికార్డు రెండేళ్ల కిందట మీ దగ్గరే వేయించాం, చిన్నమ్మాయికీ అదే మాదిరి కావాలి" అన్నారు. పెద్దమ్మాయి పేరు కొట్టి వెతికితే ఏమీ రాలేదు. ఆయన ఎదుటి కుర్చీలో ముప్పావుగంట నా ముఖమే చూస్తూ కూర్చున్నారు. ఫైళ్ల పేర్లేమో ఫైనల్, ఫైనల్ 2, కొత్త ఫైనల్... నవ్వకండి.

గోదారిగట్టు
నవ్వలేదండీ, నాదీ అదే సంసారం. అన్నిటినీ "పాతవి" అనే ఫోల్డర్‌లో వేసేయండి, ముందు తెర ఖాళీ అవుతుంది.

లెక్కలమాస్టారు
అది ఇల్లు ఊడ్చి చెత్తను మంచం కిందికి తోయడం. నా "పాతవి"లో ఇంకో "పాతవి" ఉంది, అందులో మూడోది కూడా.

ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి, ఎడమ పక్క డెస్క్‌టాప్ నొక్కండి. వ్యూలో డీటెయిల్స్ పెట్టి, పైన డేట్ మోడిఫైడ్ అన్నచోట నొక్కితే అన్నీ తేదీల వరుసలో నిలబడతాయి. ముహూర్తం ఎప్పుడో ఆయనకు గుర్తుంటుంది కదా, దానికి నెల ముందు వెతకండి. నా ప్రశ్నపత్రాలను ఇలాగే పట్టుకుంటాను. ఏ పేరు పెట్టానో గుర్తుండదు కానీ పరీక్ష ఎప్పుడు జరిగిందో గుర్తుంటుంది.

మూడోకాపీ
తర్వాత ఎవరైనా తెరిచి సేవ్ చేసి ఉంటే ఆ తేదీ మారిపోతుంది మాస్టారూ. నాకు ఒకసారి అలాగే దెబ్బ తగిలింది.

పాతఫాంటు
అసలు సంగతి వేరే ఉంది. అమ్మాయి పేరు "అను" అనే పాతకాలపు తెలుగు ఫాంట్లలో కొట్టి ఉంటారు. అక్కడ మన కంటికి కనిపించేది తెలుగే, లోపల దాచుకునేది మాత్రం ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ. యూనికోడ్‌లో, అంటే ఇప్పుడు ఫోన్లలో కొట్టే మామూలు తెలుగులో, పేరు కొట్టి వెతికితే ఎలా దొరుకుతుంది? వర్డ్ ఫైలైతే అదే ఫాంటులో కొట్టిన ముక్కను కాపీ చేసి వెతుకులాట పెట్టెలో అతికించి చూసేవాణ్ని. గజిబిజిగా కనబడుతుంది, సగం సార్లు దొరికేది. పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ ఫైలుకు ఆ ఆశ కూడా లేదు.

అందుకని పేరు వదిలేసి ఫైలు రకంతో వెతకండి. ఎవ్రీథింగ్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఎన్‌టీఎఫ్ఎస్ (విండోస్ ఫైళ్లను అమర్చే పద్ధతి) డిస్కులో ఫైళ్ల పేర్ల పట్టికను నేరుగా చదువుతుంది కాబట్టి అక్షరం కొట్టేలోపే జాబితా వస్తుంది. అందులో నక్షత్రం గుర్తు, చుక్క, ఆపైన ఇంగ్లిషులో పీఎండీ కొట్టండి. పేజ్‌మేకర్ 6.5 నాటివైతే పీ65, కోరల్‌డ్రా అయితే సీడీఆర్. ఆ తర్వాత మాస్టారు చెప్పిన తేదీల వరుస.

మూడోకాపీ
యూనికోడ్‌లో పేరు పెట్టినా ఒక తిరకాసు ఉంది. "ఆధార్‌కార్డు" అన్నప్పుడు ర్ తర్వాత కంటికి కనబడని అక్షరం ఒకటి ఉండవచ్చు, కొందరి కీబోర్డుతో రాకపోవచ్చు. మొత్తం మాట కొడితే దొరకని ఫైలు "ఆధార్" వరకే కొడితే నాకు దొరికింది.

గోదారిగట్టు
మా అబ్బాయి మ్యాక్‌లో డెస్క్‌టాప్ మీద కుడి నొక్కు నొక్కి యూజ్ స్టాక్స్ అంటే చాలు, ఫైళ్లన్నీ రకాలవారీగా కుప్పలవుతాయి. 2018లో మొహావీ అనే మ్యాక్ వెర్షన్‌తో వచ్చిందట. చూసి కుళ్లుకోవడం తప్ప మనకేం లాభం!

అచ్చుకొట్టు
దొరికిందండీ! పాతఫాంటు గారికీ మాస్టారికీ దండాలు. రకం, తేదీ కలిపి చూస్తే పదకొండు ఫైళ్లు మిగిలాయి, ఆరోది తెరవగానే అదే కార్డు. ఫైలు పేరు "అర్జంట్ 7". ఆయన తృప్తిగా చూసి, "రంగు మార్చండి, ఆ అంచు తీసేయండి, వినాయకుణ్ని కూడా వేరేది పెట్టండి" అన్నారు.

లెక్కలమాస్టారు
సంతోషం. ఇంతకీ కొత్త ఫైలుకు ఏం పేరు పెట్టారు?

అచ్చుకొట్టు
"అర్జంట్ 8".