మ్యూజిక్ వస్తాంది, మాటలు రావట్లేదు. రేపు సాయంత్రమే షో, అర్జెంట్

మేడమీద_తెర · శనివారం రాత్రి 9:40

అన్నలారా, మూడు గంటల నుంచి తల పట్టుకోని కూచున్నాం. రేపు సాయంత్రం ఆరున్నరకు అనంతపురంలో మా ఫిల్మ్ క్లబ్ షార్ట్ ఫిల్మ్‌ల షో. 9 సినిమాలు, అన్నీ కలిపి 110 నిమిషాలు. ఈ పొద్దు హాల్లో ట్రయల్ వేసినాం. బొమ్మ బ్రహ్మాండంగా ఉంది, మాటలే రావట్లేదు. సౌండ్ పూర్తిగా పోలేదు, అది చూడండి. మ్యూజిక్ వస్తాంది, వాన చప్పుడు వస్తాంది. మనుషులు మాట్లాడేది మాత్రం యాడో బావిలోనుంచి వచ్చినట్టు ఉంది. ఒక సినిమాకైతే చప్పుడే లేదు. రెండు సినిమాలు మాత్రం శుభ్రంగా పలుకుతాన్నాయి.

ల్యాప్‌టాప్‌లో వింటే అన్నీ బాగున్నాయి. వీడియో ప్లేయర్ వీఎల్‌సీ తీసేసి మళ్లీ వేసినా. ఫైళ్లు మళ్లీ డౌన్‌లోడ్ చేసినా. డ్రైవర్లు అప్‌డేట్ చేసినా.

మా క్లబ్ పాప ఒకామె వాళ్ల అవ్వ మీద 12 నిమిషాల సినిమా తీసింది. అవ్వ వసారాలో కూచోని చెనిక్కాయలు ఒలుస్తా కరువు రోజుల సంగతి చెప్తాది. తెర మీద అవ్వ నోరు కదులుతాంది, వెనక వాన వినిపిస్తాంది, మాట లేదు. రేపు ఆ అవ్వ కూడా వస్తాంది. ఎవరికైనా తెలిస్తే చెప్పండప్పా.

గుంతకల్లు_సౌండ్ · 9:52

వైరు మార్చు.

మేడమీద_తెర · 9:55

రెండు వైర్లు మార్చినా అన్నా. అంతే ఉంది.

తెలుగుతెర · 10:03

ముందుగా ఒక విన్నపం. మీ క్లబ్బు పోస్టరు చూశాను. 'షార్ట్ ఫిల్మ్ స్క్రీనింగ్' అని తెలుగు లిపిలో రాశారు, అందులో తెలుగు మాట ఒక్కటీ లేదు. 'లఘుచిత్ర ప్రదర్శన' అని రాయడానికి అడ్డేమిటి? పత్రికలు ఎన్నో ఏళ్లుగా వాడుతున్న మాటే. అవ్వ మాటల మీద సినిమా తీసి, పోస్టరు మీద అవ్వకు అర్థం కాని మాట వేస్తే ఎలా?

కడప_కుర్రోడు · 10:09

5.1 ఫైళ్లేమో చూసుకో బ్రో, అంటే ఆరు ఛానళ్ల సౌండ్ ఉండేవి. 5.1 లో డైలాగ్ మధ్య ఛానల్లో ఉంటది. అది రెండు స్పీకర్లలోకి సరిగా కలవకపోతే మ్యూజిక్ వచ్చి మాట పోతది. వీఎల్‌సీలో టూల్స్‌లోకి పోయి కోడెక్ సమాచారం చూడు, ఛానళ్లు ఎన్నో రాసుంటది.

మేడమీద_తెర · 10:21

చూసినా బ్రో. ఎనిమిదిటికి స్టీరియో, అంటే ఎడమ, కుడి రెండు ఛానళ్లు అని ఉంది, అసలు చప్పుడు రాని దానికి మోనో, అంటే ఒకటే ఛానల్ అని ఉంది. 5.1 ఒక్కటీ లేదు.

తాడిపత్రి_మాస్టారు · 10:26

బాబూ, మన ఊళ్లలో ఇట్లాంటి పని జరుగుతుందంటే కడుపు నిండినట్టుంది. అయితే 'ఫిల్మ్ క్లబ్' అనకుండా 'ఫిల్మ్ సొసైటీ' అని పెట్టుకోండి. సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా వాళ్లు 1947లో కలకత్తాలో మొదలుపెట్టినదానికి ఆ పేరే పెట్టుకున్నారు. 1959లో ఫిల్మ్ సొసైటీల సమాఖ్య ఏర్పడితే దానికి మొదటి అధ్యక్షుడు రాయే. ఆ పేరు వెనక ఒక పద్ధతి ఉంది: సినిమా చూడాలి, చూశాక కూచుని మాట్లాడుకోవాలి. 110 నిమిషాలు వరసగా వేసేసి, లైట్లు వేసి పంపించెయ్యకండి. మూడు సినిమాలకొకసారి ఆపి, తీసినవాళ్లను నిలబెట్టి మాట్లాడించండి. దర్శకులు కె.వి. రెడ్డి గారు పుట్టింది మా తాడిపత్రిలో, ఇంకో దర్శకులు బి.ఎన్. రెడ్డి గారిది కడప జిల్లా. ఈ నేలకు సినిమా కొత్త కాదు.

కడప_కుర్రోడు · 10:31

సెన్సార్ సంగతి కూడా చూసుకోండి. 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం కింద జనంలో వేసే సినిమాకు సర్టిఫికెట్ ఉండాల. మెంబర్లకే వేస్తాన్నారా, టికెట్ ఏమన్నా పెట్టినారా?

మేడమీద_తెర · 10:34

టికెట్ లేదు, మెంబర్లు, వాళ్ల ఇండ్లవాళ్లే. మాస్టారూ, మీరు చెప్పింది చేస్తాం. ముందు మాట వినపడాల కదా సార్.

గుంతకల్లు_సౌండ్ · 10:38

ఏ వైరు? ఆ పక్క ఏ పిన్ను, ఈ పక్క ఏ పిన్ను? యాడ గుచ్చినావు?

తెలుగుతెర · 10:40

మాస్టారు గారూ, 'సొసైటీ' కంటే 'చలనచిత్ర సమాజం' ఇంకా బాగుంటుంది.

ధర్మవరం_పట్టు · 10:44

లఘుచిత్రం అంటే మా వీధిలో ఒక్కరూ రారు సార్. చిన్న సినిమా అందామా అంటే బడ్జెట్ తక్కువ సినిమా అనుకుంటారు. పొట్టి సినిమా అంటే పిల్లలు నవ్వుతారు. షార్ట్ ఫిల్మ్ అంటే అందరికీ తెలుసు. యూట్యూబ్ పుణ్యమా అని మా అమ్మ కూడా అదే అంటుంది.

తెలుగుతెర · 10:51

వాడితేనే కదా అలవాటయ్యేది? ఆకాశవాణి అన్న మాట మొదట్లో ఎవరికి తెలుసు? పైగా షార్ట్ ఫిల్మ్ అంటే ఎంత పొడుగని ఎవరూ ఆలోచించరు. ఆస్కార్ వాళ్లు పేర్లతో కలిపి 40 నిమిషాలు దాటకూడదంటారు. మీ తొమ్మిదిలో అన్నీ ఆ లోపే ఉన్నాయా?

మేడమీద_తెర · 10:58

అన్నీ 20 లోపలే సార్.

గుంతకల్లు అన్నా, ల్యాప్‌టాప్ ఇయర్‌ఫోన్ రంధ్రంలో ఈపీ పిన్ను, అదే ఇయర్‌ఫోన్‌కుండే సన్న పిన్ను. ఆ పక్క లావు పిన్ను, పీ-38. అది మైక్‌సెట్ వాళ్ల మిక్సర్లో రెండో ఛానల్లో పెట్టినాం. అదే మిక్సర్లో మైకు బాగా పలుకుతాంది, అందుకే మిక్సర్ గురించి రాయలేదు. ప్రొజెక్టర్‌కు హెచ్‌డీఎంఐ వేరుగా పోతాంది.

గుంతకల్లు_సౌండ్ · 11:02

లావు పిన్ను మీద నల్ల గీతలు ఎన్ని? ఒకటా, రెండా?

మేడమీద_తెర · 11:06

రెండు. మార్చి చూసిన వైర్లకూ రెండే.

గుంతకల్లు_సౌండ్ · 11:07

దొరికింది. రెండు గీతలుంటే స్టీరియో పిన్ను. దాన్ని మైక్ ఛానల్లో పెట్టగూడదు. ఈపీ నుంచి రెండు మోనో పీ-38లు వచ్చే వైరు కొను. రెండు ఛానళ్లలో పెట్టు. పాన్ (సౌండ్ ఏ పక్కకు పోవాలో తిప్పే నాబ్) ఒకటి ఎడమకు, ఒకటి కుడికి.

మేడమీద_తెర · 11:10

మూడు వైర్లూ అట్లాంటివే అయితే ఆ రెండు సినిమాలు ఎట్ల పలుకుతాన్నాయి అన్నా?

ఎలక్ట్రానిక్స్_టీచరమ్మ · 11:24

నేను చెప్తాను నాయనా, మా లాబ్‌లో పిల్లలు ప్రతి ఏడూ ఇదే చేస్తారు. మైకు వైరు పొడుగ్గా ఉంటుంది కాబట్టి దారిలో కరెంటు గుర్రు పట్టుకుంటుంది. దాన్ని పోగొట్టడానికి ఒకే సౌండ్‌ను రెండు తీగల్లో పంపుతారు, ఒకదాంట్లో నేరుగా, ఇంకోదాంట్లో తిరగేసి. గుర్రు రెండింట్లోనూ ఒకేలా పడుతుంది. మిక్సర్ ఒకదాంట్లోంచి ఇంకోదాన్ని తీసేస్తుంది. గుర్రు పోయి మైకు సౌండ్ మిగులుతుంది.

ఆ రెండు తీగల చోట మీ ల్యాప్‌టాప్ పిన్ను కొసలో ఎడమ సౌండ్, మధ్య రింగులో కుడి సౌండ్ పంపుతోంది. మిక్సర్‌కు అది తెలియదు, అలవాటు ప్రకారం ఎడమలోంచి కుడిని తీసేస్తోంది. మాటలు రెండు పక్కలా సమానంగా ఉంటాయి. ఐదులోంచి ఐదు పోతే సున్నా. సంగీతం, వాన రెండు పక్కలా తేడాగా ఉంటాయి కాబట్టి కొంత మిగులుతాయి. మోనో సినిమాలో రెండు పక్కలా ఒకటే, అందుకే మొత్తం పోయింది. బాగా పలికే ఆ రెండు సినిమాలూ ఇయర్‌ఫోన్లో ఒక చెవిలోనే వినిపిస్తున్నాయేమో చూడండి.

పరీక్ష కావాలంటే విండోస్ సెట్టింగ్స్‌లో మోనో ఆడియో ఆన్ చెయ్యండి. హాల్లో ఇప్పుడు వచ్చే ఆ కాస్త సంగీతమూ ఆగిపోతే జబ్బు ఇదే. ఇయర్‌ఫోన్లో మాత్రం వినిపిస్తూనే ఉంటుంది. తర్వాత దాన్ని ఆఫ్ చెయ్యడం మరిచిపోవద్దు.

మేడమీద_తెర · 11:41

మేడం, నిజమే! ఆ రెండూ ఎడమ చెవిలోనే వస్తాయి. కాలర్ మైక్‌తో తీసినారంట. సౌండ్ సరిగా లేదు, మళ్లీ చేసి పంపండి అని వాళ్లకు మేమే మెసేజ్ పెట్టినాం. మోనో ఆన్ చేస్తే హాలంతా నిశ్శబ్దం. ఇప్పుడు రాత్రి పన్నెండు కావస్తాంది, వైరు యాడ దొరుకుతాది?

ఎలక్ట్రానిక్స్_టీచరమ్మ · 11:46

ఈ రాత్రికి ట్రయల్ పూర్తి చేసుకోవాలంటే విండోస్ సౌండ్ ప్రాపర్టీస్‌లో లెవెల్స్, అందులో బ్యాలెన్స్. కుడిది సున్నా పెట్టండి. ఐదులోంచి సున్నా పోతే ఐదే కదా, మాట వస్తుంది. కుడి పక్క మాత్రమే ఉన్న సౌండ్ పోతుంది, ఒక్క పూటకు సర్దుకోవచ్చు. పొద్దున వైరు కొనేయండి. కొత్త వైరు పెట్టేముందు బ్యాలెన్స్ మళ్లీ సమానం చెయ్యండి.

గుంతకల్లు_సౌండ్ · 11:49

వాల్యూమ్ తగ్గించి పిన్ను పెట్టు. ల్యాప్‌టాప్‌కు గుర్రు వస్తే ఛార్జర్ పీకేసి చూడు.

తాడిపత్రి_మాస్టారు · ఆదివారం ఉదయం 6:15

అవ్వ సినిమాను మధ్యలో వెయ్యండి, చివర్లో వద్దు. పెద్దవాళ్లు తొమ్మిది దాకా కూచోలేరు.

మేడమీద_తెర · 11:20

వచ్చింది. టవర్ క్లాక్ దగ్గర షాపులో వైరు దొరికింది. వెనక వరసలో నిలబడి విన్నా, అవ్వ చెనిక్కాయ చిదిమే టప్‌మన్న చప్పుడు కూడా వస్తాంది. ఆ ఇద్దరు కాలర్ మైక్ వాళ్లకు ఫోన్ చేసి సారీ చెప్పినా. మాస్టారూ, అవ్వది నాలుగోది పెట్టినాం. అన్నకు, మేడంకు థాంక్స్. కుర్చీల ఆటో వచ్చింది, దించుకోవాల.

తెలుగుతెర · 11:32

సంతోషం. పోస్టరు మీద మాట సంగతి ఏం చేశారు?