మంజులతాశోభితమున్: ఇందులో తీగ ఉన్నదా?

పెరటి పాఠకుడు:
చిక్కుడు కొసలను వెదురుకర్రలకు అందిస్తూ ఉండగా పోతన భాగవత పీఠికలో ఆ గ్రంథాన్ని కల్పతరువుతో పోల్చే ‘లలితస్కంధము, కృష్ణమూలము’ పద్యం నోటికి వచ్చింది గాని, మొదటి పాదం దాటగానే నాలుక తడబడుతోంది. అది ‘మంజులలతాశోభితమున్’ అనా, ‘మంజులతాశోభితమున్’ అనా? రెండవదే అయితే అందులో తీగ ఉన్నట్టా, ఉత్త సొగసే ఉన్నట్టా?

ఛందోభిమాని:
మత్తేభ వృత్తం కదా; ‘మం’ మొదటి పాదం చివర నిలిచి, ‘జులతా’ అనే సగణంతో (రెండు లఘువులు, ఒక గురువు) రెండవ పాదం మొదలవుతుంది. మరొక లకారం చేరితే గణం చెడుతుంది. అర్థం శ్లేష, అంటే ఒకే మాటకు రెండర్థాలు: కల్పతరువు పక్షాన మంజువైన లతలు, గ్రంథపక్షాన మంజులత, అనగా మనోజ్ఞత్వం.

తీగపక్షం:
శ్లేష సరే గాని, కవి మనసు తీగ మీదనే ఉన్నదని నా వాదం. ప్రాసస్థానంలో, అంటే పాదంలోని రెండవ అక్షరంగా, పడిన లకారం వల్ల చెవికి ‘లతా’ అన్నదే ముందు వినిపిస్తుంది. పైగా ‘లలితస్కంధము’ అన్న మాట చూడండి. చిక్కుడుకు బఠాణీకి వలె నులితీగలు ఉండవు. కాండమే ఆధారాన్ని చుట్టుకోవాలి. అందుచేత అది సన్నని కర్రను ఇట్టే పెనవేసుకుంటుంది గాని, లావుపాటి మానును చుట్టలేక జారిపోతుంది. లతలు శోభించాలంటే స్కంధం, అంటే చెట్టు మాను, లలితంగా ఉండవలసిందే.

ఛందోభిమాని:
లలితమంటే మనోహరం; సన్నమని ఏ నిఘంటువు చెప్పింది? ప్రాసలోని లకారం పదాన్ని విడదీస్తుందంటే, మూడవ పాదం మొదట ‘ఉజ్జ్వల’ విరిగినచోట పోతన గారు ‘వల’ పన్నారని కూడా అనవలసి వస్తుంది. చిక్కుడు పాకడానికి అదీ పనికివస్తుంది లెండి.

పాదుల ప్రియుడు:
మీరిద్దరూ లతల దగ్గరే ఆగిపోయారు. నాలుగు పాదాలలోనూ నాకు ప్రియమైనది ‘విమలవ్యాసాలవాలంబు’. ఆలవాలమంటే నేడు నెలవు అనే అర్థమే మిగిలింది గాని, అసలు అది మొక్క చుట్టూ నీరు నిలిపే పాదు. ‘వ్యాస’ శబ్దానికి విస్తారమనే అర్థం కూడా ఉన్నందున, గ్రంథానికి వ్యాసుడే పాదు కాగా చెట్టుకు వెడల్పైన పాదు అమరింది. నాగలి పట్టినవాడికే తోచే పోలిక ఇది. ‘హాలికులైన నేమి’ (నాగలి దున్నేవారైతేనేమి) అన్న కవి కదా!

ఛందోభిమాని:
ఆ చాటువు పోతనదని ప్రసిద్ధి, అంతవరకే. దానిని ఆధారంగా చేసుకొని పీఠికలోని పద్యానికి సేద్యపు వ్యాఖ్యానం చేయడం నాకు సమ్మతం కాదు. నిజానికి చిక్కుడుకు నీరు నిలిచే పాదు కీడే చేస్తుంది: చల్లని తడిమట్టిలో గింజ మొలవకుండానే కుళ్లుతుంది. పూత సమయంలో మాత్రం నేల ఎండిపోతే పూలు రాలుతాయి.

తీగపక్షం:
కల్పతరువు పాదుకూ చిక్కుడు పాదుకూ పోటీ ఎందుకు? నా సందేహం వేరు. బీన్స్ తీగ కొస ఆధారం కోసం గాలిలో తిరుగుతూ, వెచ్చని పగటివేళ సుమారు 2 గంటలలో ఒక చుట్టు పూర్తిచేస్తుంది. పైనుంచి చూస్తే గడియారపు ముళ్లకు ఎదురుదిశలో తిరుగుతుంది. మనం రెండవ వైపుకు చుట్టి కట్టినా, కట్టు వదులు కాగానే అది విప్పుకొని తన దారినే పోతుంది. అంత పట్టుదల గల లతకు ‘మంజు’ అనే మెత్తని విశేషణం తగునా?

పెరటి పాఠకుడు:
విశేషణం తగకపోతే ‘మంజులత’ను విడదీయకుండా చదవడమే మేలని మీరే ఒప్పుకున్నట్టు కాదా?

తీగపక్షం:
ఒప్పుకోలేదు. ‘శోభితము’ అన్నాక ఆ శోభను కలిగించే వస్తువొకటి ఉండాలి; సొగసుచేత సొగసైనదంటే పునరుక్తి.

ఛందోభిమాని:
కావ్యపక్షాన అది పునరుక్తి కాదు. రేపు తీరికగా వ్రాస్తాను.