వసూళ్లు, ఖర్చులు ఒకే క్వెరీలో కలిపితే మొత్తాలు ఎన్నో రెట్లు పెరిగి వస్తున్నాయి

మారతహళ్లి_లెక్కలు (ప్రశ్న)

నమస్కారం. బెంగళూరు మారతహళ్లిలో మా బాబాయి నడిపే మూడు పీజీ హాస్టళ్ల లెక్కలు నిరుటి వరకు ఎక్సెల్ షీట్లలో ఉండేవి. ఆఫీసు పని ముగిశాక రాత్రిళ్లు కూర్చుని వాటిని నేను మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లోకి మార్చాను. నా ఉద్యోగం టెస్టింగ్‌లో కాబట్టి డేటాబేస్ పని నేను సొంతంగా నేర్చుకున్నదే.

'భవనాలు' అనే టేబుల్‌లో ఒక్కో హాస్టల్‌కు ఒక్కో వరుస ఉంటుంది. 'వసూళ్లు'లో ప్రతి అద్దె రసీదుకూ, 'ఖర్చులు'లో సరుకులు, పాలు, గ్యాస్, టాంకర్ నీళ్లు, కరెంటు వంటి ప్రతి బిల్లుకూ ఒక్కో వరుస ఉంటుంది. ఈ రెండింటిలోనూ భవనం_ఐడీ, తేదీ, సొమ్ము అనే కాలమ్‌లు ఉన్నాయి. ఏ భవనానికి జూన్‌లో ఎంత వచ్చింది, ఎంత పోయింది అని ఒకే పట్టికలో చూపించమని బాబాయి అడిగితే ఈ క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) రాశాను (చదవడానికి వీలుగా కీలకపదాలను కూడా తెలుగు లిపిలోనే ఇస్తున్నాను):

సెలెక్ట్ భ.పేరు, సమ్(వ.సొమ్ము), సమ్(ఖ.సొమ్ము)
ఫ్రమ్ భవనాలు భ
జాయిన్ వసూళ్లు వ ఆన్ వ.భవనం_ఐడీ = భ.ఐడీ
జాయిన్ ఖర్చులు ఖ ఆన్ ఖ.భవనం_ఐడీ = భ.ఐడీ
వేర్ వ.తేదీ బిట్వీన్ '2025-06-01' అండ్ '2025-06-30'
అండ్ ఖ.తేదీ బిట్వీన్ '2025-06-01' అండ్ '2025-06-30'
గ్రూప్ బై భ.పేరు

మొదటి భవనానికి జూన్‌లో 42 రసీదులు ఉన్నాయి, వాటి మొత్తం 3,61,000 రూపాయలు. బిల్లులు 18, వాటి మొత్తం 1,94,200. క్వెరీ మాత్రం వసూళ్లు 64,98,000 అనీ ఖర్చులు 81,56,400 అనీ చూపిస్తోంది. ఏవో వరుసలు రెండుసార్లు వస్తున్నాయేమోనని రెండు సమ్‌లలోనూ నకళ్లను తీసేసే డిస్టింక్ట్ చేర్చి చూశాను. అప్పుడు ఖర్చులు 1,89,600కు దిగి దాదాపు సరిపోయాయి, వసూళ్లు మాత్రం 30,000 అని వచ్చాయి. అక్కడ అద్దెలు ఇద్దరుండే గదిలో మనిషికి 8,500, ముగ్గురుండే గదిలో 7,500, ఒక్కరే ఉండే గదికి 14,000. ఈ 30,000 ఎక్కడి నుంచి ఊడిపడిందో నాకు అంతుపట్టలేదు. పైగా మూడో భవనం ఫలితంలోనే కనిపించడం లేదు. దానికి ఇంకా రంగులు వేయిస్తున్నారు కాబట్టి ఖర్చులే తప్ప వసూళ్లు లేవు.

బెళ్లందూరు_డీబీఏ

మీరిచ్చిన అంకెల్లోనే జవాబు ఉందండీ. 64,98,000ను 3,61,000తో భాగిస్తే సరిగ్గా 18 వస్తుంది, 81,56,400ను 1,94,200తో భాగిస్తే సరిగ్గా 42 వస్తుంది. అంటే ఒక్కో రసీదు 18 సార్లు, ఒక్కో బిల్లు 42 సార్లు కూడికలోకి వచ్చాయి. గ్రూప్ బై తీసేసి, సమ్‌ల స్థానంలో కౌంట్(*) పెట్టి, మొదటి భవనానికి మాత్రమే నడిపి చూడండి, 756 వస్తుంది.

వసూళ్లకూ ఖర్చులకూ మధ్య నేరుగా ఏ సంబంధమూ లేదు. రెండూ భవనానికి చుట్టాలే కానీ ఒకదానికొకటి ఏమీ కావు. మీరు రెండింటినీ భవనం_ఐడీ మీద జాయిన్ చేసినప్పుడు, ఏ రసీదును ఏ బిల్లుతో జతపరచాలో చెప్పే షరతు లేదు కాబట్టి డేటాబేస్ ప్రతి రసీదునూ ప్రతి బిల్లుతో జతపరిచింది. పెళ్లిలో మగపెళ్లివారు 42 మంది, ఆడపెళ్లివారు 18 మంది ఉండి, అటువారు ప్రతి ఒక్కరూ ఇటువారు ప్రతి ఒక్కరికీ నమస్కారం పెడితే 756 నమస్కారాలవుతాయి. ఆ నమస్కారాలను లెక్కపెట్టి విస్తళ్లు వేయించినట్టుంది మీ క్వెరీ.

ఇక డిస్టింక్ట్ సంగతి. 8,500, 7,500, 14,000 కలిపి చూడండి, మీ 30,000 అదే. సమ్ లోపల పెట్టిన డిస్టింక్ట్ వరుసలను కాక విలువలను చూస్తుంది కాబట్టి ఇరవై మంది 8,500 చొప్పున కట్టినా దానికి అది ఒక్క 8,500 మాత్రమే. ఖర్చుల్లో 4,600 తగ్గిందంటే అదే మొత్తానికి రెండు బిల్లులు ఉండి ఉంటాయి, బహుశా పాల బిల్లులు కావచ్చు. మీకు ప్రమాదకరమైనది 30,000 కాదు, దాదాపు సరిపోయిందని మీరు రాసిన ఆ 1,89,600. వసూళ్లు కూడా అలాగే దగ్గరగా వచ్చి ఉంటే మీరు ఈ ప్రశ్న అడిగేవారే కాదు, ఆ తప్పు లెక్కే ప్రతి నెలా బాబాయి గారి చేతికి వెళ్లేది. డబ్బు ఉన్న కాలమ్ మీద సమ్ డిస్టింక్ట్ కనిపిస్తే నేను కోడ్ సమీక్షను అక్కడే ఆపి, పైన జాయిన్‌లో ఏం తప్పు జరిగిందని అడుగుతాను.

కూడిన తర్వాత జాయిన్ చేయండి:

సెలెక్ట్ భ.పేరు, కోయలెస్(వ.మొత్తం, 0), కోయలెస్(ఖ.మొత్తం, 0)
ఫ్రమ్ భవనాలు భ
లెఫ్ట్ జాయిన్ (సెలెక్ట్ భవనం_ఐడీ, సమ్(సొమ్ము) యాజ్ మొత్తం ఫ్రమ్ వసూళ్లు వేర్ <జూన్ షరతు> గ్రూప్ బై భవనం_ఐడీ) వ ఆన్ వ.భవనం_ఐడీ = భ.ఐడీ
లెఫ్ట్ జాయిన్ (సెలెక్ట్ భవనం_ఐడీ, సమ్(సొమ్ము) యాజ్ మొత్తం ఫ్రమ్ ఖర్చులు వేర్ <జూన్ షరతు> గ్రూప్ బై భవనం_ఐడీ) ఖ ఆన్ ఖ.భవనం_ఐడీ = భ.ఐడీ

బ్రాకెట్లలో ఉన్న ఒక్కో సబ్‌క్వెరీ ఒక్కో భవనానికి ఒకే వరుస ఇస్తుంది కాబట్టి జాయిన్‌లో పెరగడానికి ఏమీ మిగలదు. జత దొరకని భవనాన్ని కూడా ఉంచే లెఫ్ట్ జాయిన్ వల్ల, నల్‌ను (విలువ లేని ఖాళీని) 0గా మార్చే కోయలెస్ వల్ల మూడో భవనం కూడా వసూళ్లు సున్నాగా కనిపిస్తుంది. తేదీ షరతులను మాత్రం సబ్‌క్వెరీల లోపలే ఉంచండి. బయటి వేర్‌లో వ.తేదీ మీద షరతు పెడితే రసీదే లేని భవనానికి ఆ తేదీ నల్ అవుతుంది, నల్ ఏ పోలికలోనూ నెగ్గదు కనుక ఆ భవనం మళ్లీ మాయమవుతుంది.

అవెన్యూరోడ్డు_ఆవర్జా

డీబీఏ గారి జవాబు సరైనదే. అయితే దీన్ని మరో వైపు నుంచి కూడా చూడవచ్చు. మా నాన్నగారు అవెన్యూ రోడ్డులో ఒక టోకు దుకాణంలో పద్దులు రాసేవారు. చిట్టాలో జమకు ఒక వరుస, ఖర్చుకు ఒక వరుస, ఏది ముందు జరిగితే అది ముందు రాసుకుంటూ పోవడమే తప్ప, ఫలానా జమ పక్కన ఫలానా ఖర్చు ఉండాలన్న నియమం ఉండదు. మీ సమస్యకు మూలం, పక్కపక్కన పెట్టకూడని పద్దులను పక్కపక్కన పెట్టడం. వాటిని ఒకదాని కింద ఒకటి పేర్చండి:

సెలెక్ట్ భవనం_ఐడీ, సమ్(జమ), సమ్(ఖర్చు) ఫ్రమ్
(సెలెక్ట్ భవనం_ఐడీ, సొమ్ము యాజ్ జమ, 0 యాజ్ ఖర్చు ఫ్రమ్ వసూళ్లు వేర్ <జూన్ షరతు>
యూనియన్ ఆల్
సెలెక్ట్ భవనం_ఐడీ, 0, సొమ్ము ఫ్రమ్ ఖర్చులు వేర్ <జూన్ షరతు>) చిట్టా
గ్రూప్ బై భవనం_ఐడీ

ఇక్కడ 'ఆల్' అనే మాట మరిచిపోతే మీ 30,000 మళ్లీ ప్రత్యక్షమవుతుంది, ఎందుకంటే ఉత్త యూనియన్ అచ్చంగా ఒకేలా ఉన్న వరుసలను ఒక్కటిగా చేసేస్తుంది. 1970లో ఐబీఎంలో ఉన్న ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించిన రిలేషనల్ నమూనా సమితుల మీద ఆధారపడింది, సమితిలో ఒకే అంశం రెండుసార్లు ఉండదు. ఎస్‌క్యూఎల్ టేబుళ్లు మాత్రం నకళ్లను రానిస్తాయి. అందువల్ల నకళ్లు ఎక్కడ ఉండాలి, ఎక్కడ పోవాలి అన్నది రాసేవారే చూసుకోవలసి వస్తుంది. రేపు అడ్వాన్సులు, రిపేర్లు అంటూ మరో రెండు టేబుళ్లు చేరినా, ఈ పద్ధతిలో కింద మరో రెండు ముక్కలు అతికిస్తే సరిపోతుంది.

బెళ్లందూరు_డీబీఏ

ఒప్పుకుంటాను, నెలవారీ పద్దు పుస్తకానికి ఈ పద్ధతే చక్కగా ఉంటుంది. ఒక్కటే తేడా: ఏ పద్దూ లేని భవనం మీ ఫలితంలో అసలు రాదు. దాన్ని కూడా చూపాలంటే భవనాలతో లెఫ్ట్ జాయిన్ ఎలాగూ తప్పదు.

మారతహళ్లి_లెక్కలు

ఇద్దరికీ ధన్యవాదాలు. నాలుగు రాత్రులు పట్టుకుని కూర్చున్నది పది నిమిషాల్లో తేలిపోయింది. మొదటి భవనం రూపాయితో సహా సరిపోయింది, మూడో భవనం కూడా వచ్చింది. పాల బిల్లుల ఊహ కూడా నిజమే. ముందుగా, సబ్‌క్వెరీలకు పైనే పేర్లు పెట్టే విత్ వాడి రాయబోతే సింటాక్స్ లోపం చూపింది, అద్దె సర్వర్‌లో ఉన్నది మైఎస్‌క్యూఎల్ 5.7 వెర్షన్ అట. అందుకే డీబీఏ గారు ఇచ్చిన రూపంలోనే ఉంచాను.

ఇంకా రెండు చిక్కులు మిగిలాయి. జూన్‌లో అద్దె కట్టనివారి జాబితా కోసం 'నివాసులు' టేబుల్ మీద 'వేర్ ఐడీ నాట్ ఇన్ (సెలెక్ట్ నివాసి_ఐడీ ఫ్రమ్ వసూళ్లు వేర్ <జూన్ షరతు>)' అని రాస్తే ఒక్క పేరూ రాలేదు. నిజానికి కట్టనివారు ఐదుగురు ఉన్నారు, ఒకరైతే నా గది పక్కనే ఉంటారు. రెండోది, రెండో భవనం వసూళ్లు బాబాయి నోటుపుస్తకం కంటే 15,000 తక్కువగా వస్తున్నాయి.

బెళ్లందూరు_డీబీఏ

విత్ అనేది మైఎస్‌క్యూఎల్‌లో 2018 నాటి 8.0 వెర్షన్‌తోనే వచ్చింది. 5.7కు అధికారిక మద్దతు 2023 అక్టోబరుతో ముగిసింది కాబట్టి సర్వర్ మార్చమని అడగండి.

జాబితా ఖాళీగా రావడానికి కారణం, జూన్ రసీదుల్లో ఏదో ఒకదానికి నివాసి_ఐడీ నల్‌గా ఉండటం. రెండు రోజులు ఉండివెళ్లిన అతిథి రసీదు లాంటిది ఉందేమో చూడండి. '57 నాట్ ఇన్ (12, 31, నల్)' అంటే 57 అనేది 12 కాదు, 31 కాదు, నల్ కాదు అని మూడూ రుజువు కావాలి. ఆ మూడో రసీదు ఎవరిదో తెలియనప్పుడు అది 57వ నంబరు నివాసిది కాదని ప్రమాణం చేసి ఎవరు చెప్పగలరు? డేటాబేస్ కూడా చెప్పదు, 'తెలియదు' అంటుంది. వేర్ దాటాలంటే షరతు నిజం కావాలి, 'తెలియదు' అయితే చాలదు. నాట్ ఎగ్జిస్ట్స్‌తో రాస్తే ఈ ఇబ్బంది ఉండదు:

సెలెక్ట్ ని.పేరు ఫ్రమ్ నివాసులు ని
వేర్ నాట్ ఎగ్జిస్ట్స్ (సెలెక్ట్ 1 ఫ్రమ్ వసూళ్లు వ వేర్ వ.నివాసి_ఐడీ = ని.ఐడీ అండ్ <జూన్ షరతు>)

15,000 అంటే ముగ్గురుండే గదివారి రసీదులు రెండు. అవి 30వ తేదీ పగలు గానీ సాయంత్రం గానీ కట్టినవా? మీ తేదీ కాలమ్ డేట్‌టైమ్ (తేదీతో పాటు సమయం కూడా ఉండే) రకమా?

మారతహళ్లి_లెక్కలు

డేట్‌టైమే. రెండు రసీదులూ 30వ తేదీ సాయంత్రం ఏడు దాటాక కట్టినవే. ఆ భవనంలో నివాసి_ఐడీ లేని అతిథి రసీదు కూడా ఒకటి దొరికింది.

బెళ్లందూరు_డీబీఏ

అయితే బిట్వీన్ వల్లనే. సమయం రాయకుండా '2025-06-30' అంటే ఆ రోజు మొదలయ్యే అర్ధరాత్రి 00:00 గంటలు, ఆ తర్వాత కట్టిన డబ్బంతా షరతు బయటే ఉండిపోతుంది. మొదటి భవనంలో 30న ఎవరూ కట్టలేదు కాబట్టి అక్కడ తేడా బయటపడలేదు. బిట్వీన్ తీసేసి, తేదీ >= '2025-06-01' అండ్ తేదీ < '2025-07-01' అని రాయండి. నెలకు 30 రోజులా 31 రోజులా అని చూసుకోనవసరం కూడా ఉండదు. ఖర్చుల సబ్‌క్వెరీలోనూ, కట్టనివారి జాబితాలోనూ ఇదే మార్చండి. లేకపోతే 30న కట్టిన ఆ ఇద్దరూ బాకీదారుల జాబితాలోకి ఎక్కుతారు.